వరహాకున్న విలువ పందికేదీ?

మన తెలుగువాళ్ళకి పందితో వున్న చుట్టరికం మహా చిత్రమైనది. గుడిలో కనిపిస్తే చేతులెత్తి మొక్కుతాం, వీధిలో కనిపిస్తే రాయి విసురుతాం. కోపం వస్తే ముందుగా నోటికొచ్చే తిట్టు అదే. పూజకి కూర్చుని సంకల్పం చెప్పుకుంటే మనం బతుకుతున్న కాలానికి పెట్టుకున్న పేరూ అదే - శ్వేతవరాహకల్పం! అంటే సాక్షాత్తూ తెల్లపంది పేరు మీద నడుస్తున్న కాలమన్నమాట ఇది.

భద్రాచలం గుడి సంగతే చూడండి. గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకి తహసీల్దారుగా వున్న కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో రాములవారికి గుడి కట్టించి చెరసాల పాలయ్యాడు. ఆ సొమ్ము ఆరు లక్షల వరహాలని జనం చెప్పుకుంటారు. వరహా అనే బంగారు నాణేనికి ఆ పేరు ఎలా వచ్చిందంటారు? దానిమీద వేసిన పంది బొమ్మవల్లే. తరవాత తరవాత నాణెం మీద బొమ్మలు మారినా పేరు మాత్రం మారలేదు. బాదామి చాళుక్యులకి వరాహం రాజముద్ర. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యులూ దాన్నే నాణేల మీదికి ఎక్కించారు. మన ఓరుగల్లు కాకతీయులు వరాహాన్నే లాంఛనంగా పెట్టుకున్నారు. విజయనగరం రాయలవారి ముద్రలో పందీ, కత్తీ, సూర్యచంద్రులూ వుంటాయి. ఇంతమంది రాజుల నెత్తికెక్కిన జంతువు మరొకటుందా అని నాకు అనుమానం.

రాజులకి కావలసింది కోర వున్న అడవిపంది. భూమిని ఎత్తిన పంది. మరి తవుడు తిని, బురదలో పొర్లి, ఏడాదికి రెండుసార్లు ఈని, ఒక పేదింటి అప్పు తీర్చే పెంపుడు పంది మాటేమిటి? దాని చరిత్ర ఏ శాసనంలోనూ కనబడదు. అసలు ఈ రెండూ ఒకే జాతి. 9000 ఏళ్ళ పైచిలుకు కిందట పడమట అనటోలియా ప్రాంతంలో ఒకసారీ, తూర్పున చైనాలో వేరుగా మరోసారీ మనిషి అడవిపందిని మచ్చిక చేసుకున్నాడని పరిశోధకులు తేల్చారు. మన దగ్గరా ఇది నిన్నటి చుట్టరికం కాదు. తెలుగులో పంది, కన్నడంలో హంది, తమిళంలో పన్ఱి, గోండుల మాటలో పద్ది. ఈ భాషలన్నీ విడిపోక ముందునుంచీ ఆ జంతువు మనవాళ్ళ కళ్ళముందు తిరుగుతూనే వుందన్నమాట.

పెంపుడు పంది చరిత్ర చదవాలంటే శాసనాలు వదిలేసి, ఖమ్మం దాటి, భద్రాచలం అడవి అంచుల్లో వున్న కోయగూడేలకీ, గోదావరి పక్క కొండరెడ్ల పల్లెలకీ వెళ్ళాలి. ఈ ప్రాంతం మీద గీసినన్ని గీతలు మరెక్కడా గీసి వుండరు. నిజాం చేతిలోంచి 1860లో భద్రాచలం తాలూకా ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయి మధ్యపరగణాల్లో కలిసింది. 1874లో మద్రాసు రాజధానిలో చేరింది. ఆ తరవాత తూర్పు గోదావరిలో వుండి 1959లో ఖమ్మం జిల్లాకి వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకి పోయాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం అని కొత్త జిల్లా పేరు వచ్చింది. ఇన్ని దొరతనాలు మారినా గూడెంలో ఆడవాళ్ళు పొద్దున్నే లేచి పందికి కుడితి పోయడం మాత్రం మారలేదు.

హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు 1941లో నిజాం రాజ్యం వైపు కొండరెడ్ల మధ్య గడిపి, 1945లో వాళ్ళ మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. పాపికొండల్ని ఇంగ్లీషువాళ్ళు అడవిదున్నల కొండలన్నారు గనక పుస్తకానికీ ఆ పేరే పెట్టాడు. పోడు కొట్టుకుని, జీలుగుచెట్టు నమ్ముకుని బతికే ఆ మనుషుల దగ్గర దాచుకున్న సొమ్మంటే ఏముంటుంది? నాలుగు కోళ్ళు, ఒకటి రెండు పందులు. భూదేవికి మొక్కినా, పెళ్ళి భోజనం పెట్టినా, పోయినవాళ్ళకి దినం చేసినా కోడో పందో కావాలి. పట్నంలో మనం బీరువాలో దాచుకునేది వాళ్ళు దొడ్లో దాచుకున్నారు. తేడా ఏమిటంటే, మన బీరువాకి తిండి పెట్టనక్కర్లేదు!

ఇంగ్లండులో పందుల ప్రదర్శనలని జరుగుతాయి. సబ్బు పెట్టి కడిగి, కుంచెతో దువ్వి, పిలిస్తే నడిచేలా అలవాటు చేసి, పెద్దమనుషుల ముందు నిలబెట్టి బహుమతులిస్తారు. ఆ వేడుక మన పల్లెల్లో లేదు. ఆ పక్కకి పెట్టదగ్గది మనకేదైనా వుంటే, అది అమ్మవారికి మొక్కి వదిలిన పంది. మొక్కిన పందిపిల్లని మధ్యలో అమ్ముకోకూడదు, చిక్కిపోనివ్వకూడదు. పండగనాడు వూరందరి కళ్ళూ దాని నడుం మీదే వుంటాయి. పెంచిన ఇల్లాలి పరువు ఆ నడుం మీద ఆధారపడి వుంటుంది. బహుమతి చీటీ వుండదు గానీ పరీక్ష మాత్రం పరీక్షే.

ఆ పెంపకంలో ఎంత విద్య వుందో విడమరిచి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పంది చూలు సుమారు 114 రోజులు. లెక్క గుర్తుండాలంటే మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు. ఈనే ముందు తల్లి తనే ఆకులూ గడ్డీ నోట కరిచి తెచ్చి పక్క వేసుకుంటుంది. అప్పుడు దాని జోలికి పోకుండా గడ్డి అందుబాటులో వుంచడమే మంత్రసానితనం. పుట్టిన రెండు మూడు రోజుల్లోపల ప్రతి పిల్లా ఒక్కో చన్ను తనదని ఖాయం చేసుకుంటుంది. ఇక మార్చుకోదు. ముందు చన్నులు దొరికిన పిల్లలు బలుస్తాయి, చివర పడ్డది బక్కచిక్కుతుంది. పెద్ద సంసారాల్లో కడగొట్టు పిల్లల సంగతి మనకి తెలియనిదా!

ఇంకో సంగతుంది. పంది పాలలో ఇనుము చాలా తక్కువ. సిమెంటు గచ్చు మీద పుట్టిన పిల్లకి మొదటి వారంలోనే ఇనుము సూది మందు వేయించకపోతే రక్తం పట్టక పాలిపోయి చచ్చిపోతుంది. మట్టినేల మీద పుట్టిన పిల్ల ముట్టెతో మన్ను కెళ్ళగించి తనకి కావలసిన ఇనుము తనే తీసుకుంటుంది. మనం మురికి అనుకునే ఆ కెళ్ళగింపు దానికి మందు. అలాగే బురద. పందికి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. భద్రాచలం ఎండల్లో బురదే దానికి విసనకర్ర. శుభ్రమైన నీళ్ళు నిండిన మడుగు చూపిస్తే అందులోనే పడుకుంటుంది. చోటిస్తే పడకా దొడ్డీ వేరువేరుగా పెట్టుకునే జంతువు అది. ఇరుకులో కట్టిపడేసి, కంపు కొడుతోందని దాన్ని తిట్టడం ఏం న్యాయం?

తిండి సంగతి అడవిలో రుతువుని బట్టి నడుస్తుంది. వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. పువ్వు, సారా కాచాక మిగిలిన పిప్పీ పందికి బలం. వానల్లో దుంపలూ లేత ఆకులూ. కోతలప్పుడు తవుడు, చిట్టు, గింజల తాలు. మిగిలిన రోజుల్లో గంజీ కుడితీ. మగపిల్లలకి చిన్నప్పుడే విత్తులు తీసేస్తారు. తీయకపోతే ఎదిగాక మాంసానికి వాసన వస్తుంది, ఒళ్ళూ పట్టదు. దొడ్డి కర్రలది, నేల కాస్త ఏటవాలుగా వుండాలి. ఇదంతా పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు. అత్త చూస్తే కోడలు, అమ్మ చూస్తే కూతురు నేర్చుకున్న పని. చదువులో దీన్ని పశుపోషణ అంటారు. ఇంట్లో మాత్రం దీన్ని పనుల్లో లెక్కే వేయరు.

ఇంగ్లండు ప్రదర్శనల్లో పేరు మోసిన పంది కూడా దొరల దొడ్లో పుట్టలేదు. యార్క్‌షైర్‌లో కీత్లీ అనే వూళ్ళో జోసెఫ్ ట్యూలీ అనే నేతపనివాడు 1851లో విండ్సర్ ప్రదర్శనకి తన పెద్ద తెల్లపందుల్ని తోలుకెళ్ళాడు. చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. 1884లో అక్కడ పందుల పెంపకందార్ల సంఘం ఏర్పడి, ఆ జాతికి వంశవృక్షం పుస్తకాలు రాయడం మొదలుపెట్టింది. మగ్గం ముందు కూర్చున్న పేదవాడి పెరట్లో పెరిగిన ఆ పందే లార్జ్ వైట్ యార్క్‌షైర్ అయి ప్రపంచమంతా తిరిగింది. మన గన్నవరానికీ తిరుపతికీ కూడా వచ్చింది. 1970-71లో భారత వ్యవసాయ పరిశోధన మండలి పందుల మీద దేశవ్యాప్త పథకం మొదలుపెట్టినప్పుడు తిరుపతి ఒక కేంద్రం. అక్కడి పశువైద్య శాస్త్రజ్ఞులు మూడువంతులు తెల్లపంది, ఒక వంతు మన దేశవాళీ నల్లపంది కలిపి టి-17 అనే సంకర జాతిని తీశారు. శ్వేతవరాహం ఇలా నిజంగానే దిగివచ్చింది!

ఆ ఒక వంతు నల్లపంది ఎందుకు కావలసి వచ్చింది? తెల్లపంది తొందరగా పెరుగుతుంది, ఈతకి పదీ పన్నెండు పిల్లల్ని పెడుతుంది. కానీ ఎండకి దాని చర్మం కమిలిపోతుంది, తిండి తూచి పెట్టాలి. నల్లపంది తక్కువ పెరుగుతుంది, ఏది దొరికితే అది తిని బతుకుతుంది, మన ఎండకీ వానకీ తట్టుకుంటుంది. ఆ తట్టుకునే గుణం ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. గూడేల్లోనూ, వూరి చివర ఎరుకలవాళ్ళ గుడిసెల్లోనూ తరతరాలుగా ఏరి ఏరి నిలబెట్టిన గుణం అది. అయితే ట్యూలీ పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. మన ఎరుకల పేరు ఎక్కడికి ఎక్కిందో తెలుసా? పోలీసు రికార్డులోకి. పుట్టుకతోనే నేరస్తులని ముద్రవేసే 1871 నాటి చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ అది దేశమంతటా రద్దు కాలేదు. పంది మీది ఏవగింపు, పందిని కాసేవాడి మీది ఏవగింపు ఒకదానికొకటి ఎరువు వేసుకుంటూ పెరిగాయి.

ఇప్పుడు నిజమైన ముప్పు వచ్చిపడింది. పందిలో పెరిగిన మెదడువాపు క్రిమిని దోమలు మనిషికి చేరవేస్తాయి. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు చాలామంది పసివాళ్ళని పొట్టనపెట్టుకుంది. అలాంటప్పుడల్లా జనం కోపం పందుల మీదికే పోతుంది. మరుగుదొడ్లు లేని చోట పంది మలం తింటే దాని కండలో బద్దెపురుగు పిల్లలు చేరతాయి. ఆ మాంసం సరిగా వుడకకపోతే ఆ పురుగు మనిషి కడుపులో కాపురం పెడుతుంది. దాని గుడ్లు చేతులద్వారా, నీటిద్వారా నోట్లోకి పోతే మెదడుకెక్కి మూర్ఛలు తెప్పిస్తాయి. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రాంతాల్లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మొదటిసారి మన దేశంలో అడుగుపెట్టింది. మనిషికి అది అంటదు. పందికి సోకితే మాత్రం మందు లేదు, మందకి మంద పోతుంది.

ఇవన్నీ వింటే అసలు పందే వద్దనిపిస్తుంది కదూ? కానీ నిదానించి చూడండి. దొడ్లో కట్టి, పారవేసిన కూడూ కూరా వుడకబెట్టి పోసి, పురుగుల మందు తాగించి, పాత స్వైన్ ఫీవర్‌కి వున్న టీకా వేయించి పెంచితే ఈ భయాల్లో చాలావాటికి తలుపు మూసినట్టే. దోమల సంగతి వేరు. దొడ్డి ఇళ్ళకి దూరంగా వుండాలి, పసిపిల్లలకి మెదడువాపు టీకా పడాలి. ఇంటికో మరుగుదొడ్డి వుంటే అది మనుషులకే కాదు, పందికీ ఆరోగ్యమే. అంటే తప్పు జంతువుది కాదు, పెంపకం లేకపోవడానిది. వూళ్ళోంచి తరిమేసిన పంది మాయమైపోదు. మరో చెత్తకుప్ప చేరుతుంది. పెంపకం తెలిసిన చేతుల్ని కూడా దానితోపాటు తరిమేస్తే రోగం మిగులుతుంది, విద్య పోతుంది.

అన్నట్టు ఇంకో మాట. నగలకి మెరుగుపెట్టే కుంచెలకి పంది వెంట్రుకలు వాడడం పాత అలవాటే. బంగారు వరహాకి మెరుపు తెచ్చింది కూడా ఆ నల్లపంది జూలే అయివుండవచ్చు!

ఈసారి రాములవారి దర్శనానికి వెళ్ళినప్పుడు దారిలో ఏదైనా గూడెం పక్క కర్రల దొడ్డి కనిపిస్తే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే ముందు ఒక్క క్షణం చూడండి. దొడ్డి పొడిగా వుందా, తొట్టి కడిగి వుందా, పంది నడుం నిండుగా వుందా అని. వుంటే, ఆ వెనక పొద్దున్నే లేచే ఒక ఇల్లాలు వుందని అర్థం. ఏడాదంతా ఆవిడ పోసిన కుడితి ఎన్ని కుండలో ఎవరూ లెక్క రాయలేదు. కూతురి పెళ్ళో, కొడుకు ఫీజో ఆ కుండల్లోంచే వెళ్ళింది.