తెర మీద అరుగుమచ్చ: ఒక చిన్న చరిత్ర

కొత్త టీవీ కొనదలచినవారు దుకాణంలో మొదట అడిగేది వెల, రెండవది కొలత. ఓఎల్ఈడీ తెర దగ్గరకు వచ్చేసరికి మూడవ ప్రశ్న ఒకటి తలెత్తుతుంది: "దీని మీద మచ్చ పడిపోతుందటగా?" ఈ భయం నిన్న మొన్నటిది కాదు. టెలివిజన్ ఎంత పాతదో ఈ మచ్చ కూడా దాదాపు అంత పాతది. తెర మారినప్పుడల్లా పీడ విరగడైందనుకున్నారు. అది వేరొక రూపంలో తిరిగి వచ్చింది. ఆ రాకపోకల కథ తెలిస్తే గాని మన భయం ఏపాటిదో తూచుకోలేము.

ముందుగా పేరు సంగతి. ఆంగ్లంలో దీనిని బర్న్-ఇన్ అన్నారు. ఆ మాట వినగానే పాలగిన్నె అడుగంటినట్లు తెర ఎక్కడో మాడిపోయిందన్న ఊహ కలుగుతుంది. నిజానికి చాలా సందర్భాలలో జరిగేది మాడటం కాదు, అరగడం. పాత ఇళ్ళలో గడప నడిమిభాగం పల్లమై, రెండు కొసలూ ఎత్తుగా మిగిలి ఉండటం చూసే ఉంటారు. అడుగులు పడినచోట అరిగింది, పడనిచోట మిగిలింది. తెర మీద కూడా ఎక్కువ పని చేసిన బిందువు తన ఇరుగుపొరుగుకంటె ముందుగా మసకబారుతుంది. ఆ తేడాయే మనకు నీడగా కనిపిస్తుంది. తెర అంతా సమానంగా అరిగితే కన్ను పట్టుకోలేదు. అందుచేత దీనిని 'అరుగుమచ్చ' అని పిలుస్తాను.

కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లో రూపొందించిన కేథోడ్ కిరణ నాళమే తరువాత కొన్ని దశాబ్దాలపాటు టీవీలకు ప్రాణాధారమైంది. గాజు లోపలివైపు ఫాస్ఫర్ పూత ఉంటుంది. ఎలక్ట్రాన్ల ధార తగిలినప్పుడు అది వెలుగుతుంది. తొలినాటి టీవీలను మొదట బాధించినది తెర నడుమ ఏర్పడే నల్లని మచ్చ. నాళంలో ఎలక్ట్రాన్లతోపాటు కొన్ని బరువైన అయాన్లు కూడా బయలుదేరేవి. అయస్కాంతం ఎలక్ట్రాన్లను అటూ ఇటూ తిప్పగలిగేది గాని, ఈ బరువు కణాలను అంతగా కదపలేకపోయేది. అవి తిన్నగా పోయి నడిమధ్యన తగిలి పూతను చెడగొట్టేవి. అయాన్లను దారిలోనే పట్టే ఉచ్చు ఒక విరుగుడు. ఫాస్ఫర్ వెనుక పలుచని అల్యూమినియం పొర వేయడం అంతకంటె మేలైన విరుగుడు: అది అయాన్లను ఆపడమే కాక, వెనక్కు పోయే వెలుగును ముందుకు మళ్ళించింది.

అయాన్ల బెడద తీరినా ఎలక్ట్రాన్ల అరుగుదల మిగిలింది. సినిమాలూ వార్తలూ కదిలిపోయే ఇంటి టీవీలో అది అంతగా బయటపడలేదు. ఒకే బొమ్మ గంటల తరబడి నిలిచే చోట బయటపడింది. విమానాశ్రయాల పట్టికలు, ఏకవర్ణ కంప్యూటర్ తెరల మీది వరుసలు, 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ ఆటయంత్రాల మీద నీలిరంగు గళ్ళదారులు తెరలో శాశ్వతంగా దిగిపోయాయి. యంత్రాన్ని ఆపివేసినా ఆ దారులు కనిపించేవి.

ఇక్కడే స్క్రీన్‌సేవర్ పుట్టింది. 1979 నాటి అటారీ 400, 800 కంప్యూటర్లు కొన్ని నిమిషాలు ఎవరూ మీట నొక్కకపోతే తమంతట తామే రంగులు మార్చేవి. 1983 డిసెంబరులో జాన్ సోచా 'సాఫ్ట్‌టాక్' పత్రికలో ఐబీఎం పీసీ కోసం ఒక చిన్న ప్రోగ్రామును ప్రచురించాడు. మూడు నిమిషాలు పని లేకపోతే అది తెరను నల్లబరిచేది. 1989లో వచ్చిన ఆఫ్టర్ డార్క్‌తో రెక్కల టోస్టర్లు ఎగరడం మొదలుపెట్టేసరికి జాగ్రత్త కాస్తా వినోదమైంది. అవసరం తగ్గిన తరువాత కూడా ఆచారం మిగిలిపోయింది.

ప్లాస్మా తెర 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ దానిని ప్లేటో అనే బోధనా వ్యవస్థ కోసం తయారుచేశారు. అది నియాన్ వాయువు వెలిగే నారింజరంగు తెర. రంగుల ప్లాస్మా వచ్చేసరికి మళ్ళీ ఫాస్ఫర్ వచ్చింది. దానితోపాటే అరుగుమచ్చ కూడా వచ్చింది. ఇందులో రెండు రకాలు కనిపించేవి. ఒకటి కాసేపు నిలిచి పోయే తాత్కాలిక ఛాయ, రెండవది పోనిది. కొత్త తెరకు మొదటి వంద గంటలూ ఎక్కువ ప్రకాశం వద్దని పలువురు సలహా చెప్పేవారు. అప్పట్లో మన చానెళ్ళ బొమ్మ 4:3 నిష్పత్తిలో వచ్చేది. వెడల్పాటి తెర మీద ఇరువైపులా పట్టీలు వదిలితే మచ్చ భయం. సాగదీస్తే వార్తలు చదివే సన్నని అమ్మాయి కూడా లావుగా కనబడేది. చాలా ఇళ్ళలో సాగదీయడానికే మొగ్గు చూపారు!

పయొనీర్ 2009లో టీవీల నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. పానసోనిక్ 2013లో ప్లాస్మాకు స్వస్తి చెప్పింది. మరుసటి ఏడు శాంసంగ్, ఎల్జీ అదే బాట పట్టాయి. ప్లాస్మాను ఓడించినది మచ్చ ఒక్కటే కాదు. చౌకగా, తేలికగా, తక్కువ కరెంటుతో నడిచే ఎల్‌సీడీ. అందులో బిందువులు స్వయంగా వెలగవు, వెనుక దీపపు వెలుగును అడ్డుకునే తలుపుల వంటివి. కాబట్టి ఈ తరహా అరుగుదల లేదు. ఒక్కొక్కప్పుడు ఛాయ నిలిచినా చాలావరకు చెరిగిపోతుంది. మూల్యం వేరొకచోట చెల్లించాలి: తలుపు ఎంత మూసినా సందులోంచి వెలుగు జారుతుంది, నలుపు బూడిదరంగవుతుంది.

ఆ నలుపు కోసమే లోకం ఓఎల్ఈడీ వైపు తిరిగింది. కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో దానికి దారి చూపారు. 2007లో సోనీ 11 అంగుళాల టీవీ తెచ్చింది, 2013లో ఎల్జీ 55 అంగుళాలది అమ్మకానికి పెట్టింది. ప్రతి బిందువూ స్వయంగా వెలుగుతుంది, స్వయంగా ఆరుతుంది. స్వయంగా వెలిగేది స్వయంగా అరుగుతుంది కూడా. నీలిరంగు పదార్థం అందరికంటె ముందు అలసిపోతుంది. ప్రకాశం రెట్టింపు చేస్తే ఆయువు సగానికంటె ఎక్కువే తగ్గుతుంది.

2018లో ఆర్‌టింగ్స్ అనే కెనడా సమీక్షా సంస్థ ఒకే నమూనా ఓఎల్ఈడీ టీవీలు ఆరింటిని రోజుకు 20 గంటల చొప్పున నడిపి చూసింది. గరిష్ఠ ప్రకాశంతో సీఎన్ఎన్ వార్తలు చూపిన తెర అన్నిటికంటె ఎక్కువ దెబ్బతిన్నది. అదే చానెల్‌ను తక్కువ ప్రకాశంతో చూపిన తెర నెమ్మదిగా అరిగింది. నిలకడ బొమ్మలు అంతగా లేని ఒక యుద్ధక్రీడ నడిచిన తెర మీద చెప్పుకోదగ్గ మచ్చ లేదు. అంటే ప్రశ్న "ఎన్ని గంటలు" అన్నది మాత్రమే కాదు, "ఒకే బొమ్మ ఎన్ని గంటలు, ఎంత వెలుగులో" అన్నది.

ఇప్పుడు మన ఇంటి లెక్క వేద్దాం. తెలుగు వార్తల చానెల్‌లో మూలన ముద్ర, కింద ఎర్రని పట్టీ, దాని కింద పరుగెత్తే అక్షరాలు ఉంటాయి. పెద్దవారు రోజుకు ఆరు గంటలు ఒకే చానెల్ పెట్టుకుంటే ఏడాదికి 2,190 గంటలు, అయిదేళ్ళకు 10,950 గంటలు ఆ ముద్ర ఒకేచోట వెలుగుతుంది. అదే ఇంట్లో రోజుకొక సినిమా, ఒక క్రికెట్ ఆట, పిల్లల బొమ్మలు మారుతూ ఉంటే ఆ పని తెరంతా పంచుకుంటుంది.

ఇంకొక సంగతి మనకు ప్రత్యేకించి చెప్పవలసినది. ఈ టీవీలలో చాలావరకు కొన్ని గంటలు నడిచి ఆగిన తరువాత, స్టాండ్‌బైలో ఉండగా, బిందువుల అరుగుదలను లెక్కించి సరిచేసుకుంటాయి. రాత్రి పడుకునే ముందు గోడ మీది స్విచ్ కట్టేయడం మన ఇళ్ళలో మంచి అలవాటుగా చెలామణి అవుతోంది. అలా కట్టేస్తే ఆ సవరణకు అవకాశమే ఉండదు. కరెంటు మిగిల్చిన పుణ్యం తెరకు పాపమవుతుంది.

కాబట్టి నా తీర్పు ఇది. చీకటి గదిలో సినిమా చూసేవారు, రకరకాలవి మార్చి మార్చి చూసేవారు మచ్చకు జడిసి ఓఎల్ఈడీని వదులుకోనక్కరలేదు. పగలంతా వార్తలు మోగే ముందుగదికి మాత్రం ఎల్‌సీడీయే మేలు. ఆ టీవీ చూసేది మంచం మీదినుంచి లేవలేని తాతగారో, ఒంటరిగా ఉండే అమ్మమ్మగారో అయితే, "చానెల్ మార్చండి, తెర పాడవుతుంది" అని వారిని రోజూ హెచ్చరించవలసిన యంత్రాన్ని తెచ్చి పెట్టడం న్యాయం కాదు. తెరను కాపాడటానికి మనిషిని కట్టడి చేయడంకంటె, మనిషికి తగిన తెరను ఎంచుకోవడమే వివేకం. డబ్బు కట్టేముందు వారంటీ కాగితంలో ఈ మచ్చ గురించి ఏమి రాశారో కూడా చదవండి. దీనిని మినహాయించే కాగితాలు చాలానే ఉన్నాయి.

'అరుగుమచ్చ' కంటె మంచి మాట తోచినవారు చెబితే సంతోషిస్తాను.