దిష్టిబొమ్మ దహనం

రాజకీయ ప్రత్యర్థి రూపాన్ని గడ్డితోనో పాతగుడ్డలతోనో చేసి నలుగురి ముందు తగలబెట్టే నిరసన పద్ధతి దిష్టిబొమ్మ దహనం. పంటచేనుకూ కడుతున్న ఇంటికీ దిష్టి తగలకుండా నిలబెట్టే బొమ్మ పేరే తెలుగులో దీనికి వాడుకైంది. ఇది ఆవేశపడ్డ గుంపు చేష్ట అన్న అభిప్రాయం బలంగా ఉంది. అయితే ఐరోపాలో బొమ్మకు మరణదండన విధించడం ఒకప్పుడు సాక్షాత్తూ న్యాయవ్యవస్థ చేసిన పని. స్పెయిన్ మతవిచారణ సభలు పారిపోయినవారికి, చనిపోయినవారికి బదులుగా వారి బొమ్మలను కాల్చాయి. ఫ్రాన్స్‌లో 1670 నాటి నేరవిచారణ శాసనం పరారీలో ఉన్న దోషుల మరణశిక్షను వారి ప్రతిరూపంపై అమలు చేయమంది. 1478లో ఫ్లారెన్స్‌ను శాసిస్తున్న మెడిచీ కుటుంబంపై కుట్ర విఫలమయ్యాక, ఆ నగర పాలకులు కుట్రదారులు ఉరికి వేలాడుతున్నట్టు ప్రభుత్వ భవనం గోడపై చిత్రకారుడు బొత్తిచెల్లి చేత బొమ్మలు గీయించారు. 1494లో మెడిచీలు పదవి కోల్పోగానే వాటిని చెరిపేశారు. చేతికి చిక్కని మనిషిపై తీర్పు ప్రకటించడమే ఈ తంతు సారం. వీధి నిరసన ఆ అధికారాన్నే తన చేతుల్లోకి తీసుకుంది.

ఈ చేతిమార్పుకు బోస్టన్ మంచి ఉదాహరణ. అమెరికా వలసలపై బ్రిటన్ వేసిన స్టాంపు పన్నుకు అధికారిగా నియమితుడైన ఆండ్రూ ఆలివర్ బొమ్మను 1765 ఆగస్టు 14న జనం అక్కడ ఒక చెట్టుకు ఉరితీశారు. మర్నాడే అతను ఆ పదవి వదులుకుంటానన్నాడు. బొమ్మకు శిక్ష వేయడం కోపాన్ని చల్లార్చే ఉత్తుత్తి తతంగమనేవారికి ఇది సమాధానం. ఇలాంటి తంతు హింసకు నాంది అనేవారి వాదనను మాత్రం కొట్టిపారేయలేం. బొమ్మను ఉరితీసిన సాయంత్రమే గుంపు ఆలివర్ ఇంటిపై పడి విధ్వంసం చేసింది. కానీ పన్నుపై ఓటు లేని జనం, శిక్షించే అధికారమూ లేని జనం, తమ తీర్పును లోకానికి చూపడానికి ఎంచుకున్న రూపం అది. హింస దాన్ని అంటిపెట్టుకుని వచ్చింది నిజమే. అయినా బొమ్మ చెప్పిన మాట దాడి చెప్పినదాని కంటే స్పష్టం.

చిత్రకళలోనూ ఇదే తారుమారు కనిపిస్తుంది. ఫ్లారెన్స్ గోడపై ఉరికి వేలాడినవాడే దోషి. 1814లో స్పెయిన్ చిత్రకారుడు గోయా గీసిన ‘1808 మే 3’ చిత్రంలో చావబోయేవారికి ముఖాలున్నాయి, తుపాకులు ఎక్కుపెట్టిన సైనికుల ముఖాలు కనబడవు. ఇక్కడ బోనులో నిలబడింది చంపేవాడు. మెక్సికోలో 1867లో కాల్చివేతకు గురైన చక్రవర్తి మాక్సిమిలియన్ చిత్రంలో ఫ్రెంచి చిత్రకారుడు మానే సైనికులకు ఫ్రెంచి దుస్తులను పోలిన దుస్తులు తొడిగాడు. అతన్ని గద్దెనెక్కించి, తర్వాత సేనలను వెనక్కి పిలిచిన ఫ్రాన్స్ చక్రవర్తి మూడవ నెపోలియన్‌పై అది నేరారోపణ. ఆ దృశ్యపు శిలాముద్రణను ఫ్రెంచి ప్రభుత్వం అడ్డుకుంది.

భారతదేశంలో ఈ తంతుకు పురాణం కూడా తోడైంది. ఉత్తరాదిన దసరాకు రావణ దహనం జరిగితే, దానికి జవాబుగా 1974 డిసెంబరు 25న మద్రాసులో ద్రావిడ ఉద్యమ సంస్థ ద్రావిడర్ కళగం రాముడి బొమ్మను కాల్చింది. ఎవరు దోషో నిర్ణయించే హక్కు ఎవరిదన్నదే అక్కడి వివాదం. తెలుగు నేలపై నిరసనకారులు తరచూ బొమ్మను పాడెపై పడుకోబెట్టి శవయాత్ర తీసి, కూడలిలో చితి పేరుస్తారు. ఐరోపా వాడుక మరణదండనను అనుకరిస్తే, ఇది అంత్యక్రియలను అనుకరిస్తుంది. అందులో తలారి లేడు. నాయకుడు తమ దృష్టిలో ముందే చచ్చాడన్న తీర్పును జనం ప్రకటిస్తారు, మిగిలింది కర్మకాండే.