ఇంగ్లీషు పలుకుబళ్లు: వాని పుట్టుక



మాటకు అర్థము నిఘంటువునందు దొరకును. పలుకుబడికి అర్థమును దానిని పుట్టించిన జనుల బ్రతుకునందు వెదకవలెను. ఈ సంగతిని ఇనుము, బొగ్గు, రైలుపట్టాలు అను వస్తువులనుండి పుట్టిన మూడు ఇంగ్లీషు పలుకుబళ్లతో మనవిచేసెదను. ఈ మూడు వస్తువులును మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములకు పరిచితములే.

మొదటిది, 'ఇనుము కాలియుండగనే కొట్టుము' అనునది. అదను తప్పక పని చేయవలెనని దీని భావము. 14వ శతాబ్దమునందే చాసర్ అను ఆంగ్లకవి రచనలో నిది కనబడుచున్నది. మహబూబాబాదు జిల్లా బయ్యారమున ఇనుప ఖనిజము కలదు. మన పల్లెలయందు కమ్మరి కొలిమియు నుండెడిది. చల్లారిన కఱ్ఱు సమ్మెటకు లొంగదని యెఱిగిన రైతునకు ఈ పలుకుబడిని విప్పి చెప్ప నక్కఱలేదు.

రెండవది, 'న్యూకాసిలుకు బొగ్గులు మోయుట'. నేను బడిలో పాఠము చెప్పు దినములలో పిల్లలు దీనిని 'క్రొత్తకోటకు బొగ్గులు చేర్చుట' యని మాటకు మాట తెనిగించి, 'అవసరమున ఆదుకొనుట' యని భావము వ్రాసెడివారు. అది తలక్రిందులైన యర్థము. న్యూకాసిలు ఉత్తర ఇంగ్లండునందు టైన్ నదీతీరమున నున్న పట్టణము. అచ్చటి బొగ్గు ఓడలమీద లండనునకు పోయెడిది. 1600లో ఎలిజబెత్తు రాణి యచ్చటి బొగ్గువర్తకుల సంఘమునకు అధికారపత్రము నొసగెను. అట్టిచోటికి బొగ్గు మోయుట చెరువునకు కడవతో నీరు పోసినట్లు వ్యర్థప్రయాస. సింగరేణి గనులున్న భూపాలపల్లికి బొగ్గుమూట నెత్తికెత్తుకొని పోవువానిని జూచి యెవరు నవ్వరు? ఇట్లు చెప్పినంతనే పిల్లలకు బోధపడెడిది.

మూడవది, 'పట్టాలు తప్పుట'. నడవడి చెడుట, పని వక్రించుట యని భావము. బండ్లమీద తిరిగిన మనకు 'గాడి తప్పుట' యను మాట యుండెను. నిజాము రైలుమార్గము 1886లో సికింద్రాబాదునుండి జనగామ మీదుగా వరంగల్లు చేరెను. పిదప మహబూబాబాదు మీదుగా సాగి 1889లో బెజవాడ నందుకొనెను. నేడు 'పని పట్టాల కెక్కినది', 'పట్టాలు తప్పినది' అని ఇంగ్లీషు రానివారును పలుకుచున్నారు. వస్తువు వచ్చిన వెనుకనే మాటయు వచ్చినది.

మఱి వస్తువు పోయిన నేమగును? ఈశాన్య ఇంగ్లండునందలి కడపటి లోతుగని 2005లో మూతపడెను. అయినను ఆ పలుకుబడి యర్థము చెడలేదు. 1870లో బ్రూవర్ ప్రకటించిన గ్రంథము వంటివానిలో అచ్చటివారు తమ పలుకుబళ్ల కథలను వ్రాసి దాచుకొనిరి.

మన సంగతి యేమి? 'పుట్టెడు దుఃఖము', 'వీసమెత్తు నిజము' అని మన పిల్లలు నేటికిని పలుకుదురు. పుట్టియన ఇరువది తూములని, వీసమన పదునాఱవ పాలని యెందఱెఱుగుదురు? 1956 నాటి చట్టముతో మెట్రిక్ కొలతలు వచ్చినవి. క్రమముగా తూమును కుంచమును అంగడినుండి తొలగినవి. మాట మిగిలినది, దాని బరువు తెలిసినవారు తగ్గిపోవుచున్నారు.

పెద్దలారా! ధాన్యమును కుంచముతో కొలిచిన చేతులు మీవి. అటకమీది కుంచమును దింపి మనుమల చేతి కిండు. మానికెలు నాలుగైన కుంచమనియు, కుంచములు నాలుగైన తూమనియు వారిచేతనే కొలిపించుడు. అటుపిమ్మట పుట్టెడు దుఃఖమన నెంతయో వారికి మఱి యొకరు చెప్ప బనిలేదు.