హప్నార్‌ఫ్యోర్దుర్ పురపాలక చేపలవేట సంస్థ

ఐస్‌లాండ్ దేశంలోని హప్నార్‌ఫ్యోర్దుర్ పట్టణ పురపాలక సంఘం 1931 నుండి 1985 వరకు స్వంతంగా నడిపిన చేపలవేట సంస్థ ఇది. స్థానికులు దీనిని "బైయారూట్‌గెర్ద్" అని పిలిచేవారు. పట్టణం వారి చేపలవేట అని దాని అర్థము. ఆ దేశంలో పురపాలక యాజమాన్యంలో ఏర్పడిన మొదటి చేపలవేట సంస్థ ఇదే.

నేపథ్యము

ఈ పట్టణం రాజధాని రేక్యవిక్‌కు దక్షిణంగా సుమారు 10 కి.మీ. దూరంలో ఉన్నది. లావా శిలలపై వెలసిన ఊరు గనుక సేద్యానికి తావు తక్కువ; మంచి రేవే దానికి ఆధారము. ఐస్‌లాండ్ వారి మొదటి ట్రాలరు (సముద్రంలో వలను ఈడ్చుకొంటూ పోయే ఓడ) అయిన "కూట్" 1905లో ఇక్కడి నుండే వేట సాగించినది.

1924లో ఇంగ్లాండులోని హల్ నగరానికి చెందిన హెల్యర్ సోదరుల సంస్థ ఇక్కడ స్థావరం ఏర్పరచుకొని, 1929లో వెళ్ళిపోయినది. ఓడలు పోగా సముద్రం మీది పనులే కాక, ఒడ్డున కాడ్ చేపలను ఉప్పువేసి ఎండబెట్టే పనులు కూడ పోయినవి. ఈ పనులలో స్త్రీలే అధికము. వెనువెంటనే ప్రపంచ ఆర్థిక మాంద్యం వచ్చిపడినది.

స్థాపన, నిర్వహణ

1926 నుండి పురపాలక సంఘంలో సోషల్ డెమోక్రాట్లకు ఆధిక్యం ఉండెను. వారు 1931 ఫిబ్రవరిలో ఈ సంస్థను స్థాపించి "మే" అను ట్రాలరును కొనిరి. తరువాతి ఓడలకు కూడ జూన్, జూలై, ఏప్రిల్ అని నెలల పేర్లే పెట్టిరి. కార్మిక పక్షం పాలించిన ఊరిలో మొదటి ఓడకు మే పేరు రావడం యాదృచ్ఛికం కాకపోవచ్చును.

నష్టం వచ్చిన ఋతువులో ప్రైవేటు యజమాని ఓడను రేవులో కట్టివేయగలడు. జనానికి పని కల్పించుటకే పుట్టిన సంస్థకు అది అంత సులభం కాదు. అట్లని నష్టము మాయమైపోదు; చివరకు పన్ను చెల్లించువారి మీదనే పడును. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం వలన ఉప్పుచేపల పెద్ద విపణి ఒకటి మూతపడినప్పుడు ఐస్‌లాండ్ చేపల వ్యాపారమంతా దెబ్బతిన్నది.

1959 ఫిబ్రవరిలో న్యూఫౌండ్‌లాండ్ సమీపంలో తుఫానులో "జూలై" ట్రాలరు మునిగి అందులోని 30 మందీ మరణించిరి. చిన్న పట్టణానికి ఇది మాన్పరాని గాయము.

విక్రయము

1984లో ఐస్‌లాండ్‌లో కోటా పద్ధతి అమలులోకి వచ్చినది. గత సంవత్సరాలలో పట్టిన చేపలను బట్టి ఒక్కొక్క ఓడకు వాటా నిర్ణయించిరి. మరుసటి సంవత్సరమే పురపాలక సంఘం సంస్థను ప్రైవేటు వారికి విక్రయించినది. అనగా ఇనుప ఓడలతో పాటు వాటి వెంట ఉన్న చేపల హక్కు కూడ పట్టణం చేయి దాటినది.

పరకాల ప్రాంతపు పాఠకులకు ఈ భేదము సులభంగా బోధపడును. తెలంగాణలో చెరువుల చేపల హక్కును మత్స్యకారుల సహకార సంఘాలకు కౌలుకిచ్చెదరు. సంఘం నష్టపోయినను చెరువు ఊరిలోనే ఉండును. గడువు తీరిన పిమ్మట హక్కు తిరిగి వచ్చును.

ఇతర పట్టణాలు

రేక్యవిక్ నగరం 1947లో "ఇంగోల్ఫుర్ అర్నార్సన్" ట్రాలరుతో ఇటువంటి సంస్థనే ప్రారంభించినది. 1985లో దానిని ఈస్‌బ్యోర్నిన్ అను ప్రైవేటు సంస్థతో కలిపి "గ్రాండీ"గా మార్చిరి. నగరం తన వాటాను 1988లో అమ్మివేసినది. గ్రాండీ 2004లో మరొక విలీనంతో హెచ్.బి. గ్రాండీ అయినది, అటు పిమ్మట "బ్రిమ్" అను పేరు స్వీకరించినది.