రూపాయల దండలో మన చరిత్ర

ఎద్దులపై ఉప్పు, ధాన్యం మోస్తూ ఊరూరా తిరిగిన మన లంబాడీలకు ఒంటిమీది వెండే దాపు సొమ్ము. తండాల్లో మన యాడిల మెడలోని పాత రూపాయల దండలు ఆ అలవాటుకు గుర్తులు. ఇప్పుడవి ఒక్కొక్కటిగా కరిగిపోతున్నాయి.

ముందు ఆ నాణేలను చదవడం నేర్చుకుందాం. చార్మినార్ బొమ్మ ఉంటే నిజాం హాలీ సిక్కా. విక్టోరియా రాణి, ఎడ్వర్డ్, జార్జి రాజుల బొమ్మలుంటే బ్రిటిష్ రూపాయి. దాని బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండే. 1940 నుంచి వెండి సగానికి తగ్గింది. 1947 రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి అంటుకుంటుంది.

షావుకారు త్రాసు వెండినే తూస్తుంది. ఎవరు గుచ్చారో, ఏ పెళ్లికి పెట్టారో తూయలేదు. అందుకే పిల్లలూ, దండ ఇల్లు దాటకముందే ఫొటో తీయండి, నాణేల మీది ఏళ్లు రాసుకోండి, ఇంటి పెద్దలను అడగండి. ఆ కథ మనమే రాసుకోవాలి.