వైద్య వాహనాలపై రెడ్‌క్రాస్ చిహ్నం: శ్రీకాకుళం జిల్లా నేపథ్యంలో ఒక చట్టపరమైన పరిశీలన

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలోని శ్రీముఖలింగంలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నరసన్నపేటకో, జిల్లా కేంద్రానికో తరలిస్తారు. అక్కడా కాదంటే విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కె.జి.హెచ్.) తీసుకెళ్తారు. ఈ దారుల్లో తిరిగే ప్రైవేటు అంబులెన్సులు, మందుల వ్యాన్లు, వైద్యుల కార్లలో చాలావాటి మీద తెల్లని నేల మీద ఎర్రని ప్లస్ గుర్తు ఉంటుంది. దాన్ని ఆసుపత్రి గుర్తుగానే జనం చదువుకుంటారు. స్టిక్కరింగ్ షాపులో రేడియం కాగితం కత్తిరించేవారూ, వాహనం యజమానీ అలాగే అనుకుంటారు. నిజానికి ఆ గుర్తు వైద్యవృత్తికి చెందినది కాదు. యుద్ధంలో గాయపడినవారికీ, వారికి సేవ చేసేవారికీ అంతర్జాతీయ ఒప్పందం ఇచ్చిన రక్షణ చిహ్నం అది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని వాడటం నేరం. ఇంత స్పష్టమైన నిషేధం ఆరు దశాబ్దాలకు పైగా అమల్లో ఉన్నా రోడ్డు మీద దాని జాడ కనబడదు. జనం అజ్ఞానమే ఇందుకు కారణమని సాధారణంగా చెబుతారు. అసలు లోపం చట్టం అల్లికలోనే ఉందనీ, దాన్ని సరిదిద్దగల చోటు న్యాయస్థానం కాదు, వాహనాల ఫిట్‌నెస్ పరీక్ష జరిగే మైదానమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

చిహ్నం పుట్టుక తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధభూమిలో దిక్కులేకుండా పడి ఉన్న క్షతగాత్రులను చూసిన హెన్రీ డ్యూనాంట్ చొరవతో 1863లో జెనీవాలో ఒక సంఘం ఏర్పడింది. 1864 ఆగస్టు 22న మొదటి జెనీవా ఒప్పందం కుదిరింది. స్విట్జర్లాండ్ జెండాలోని రంగులను తారుమారు చేస్తే వచ్చినదే ఈ గుర్తు. ఇప్పుడు అమల్లో ఉన్న 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం 38వ అధికరణం కూడా ఆ దేశం పట్ల గౌరవంగానే దీన్ని స్వీకరించినట్టు చెబుతుంది. కనుక ఇది క్రైస్తవ శిలువ అన్న అనుమానానికి ఒప్పందంలో ఆధారం లేదు. అయినా ఆ అనుమానం రాకపోలేదు. 1876లో రష్యాతో వైరం ముదిరిన వేళ ఒట్టోమన్ సామ్రాజ్యం ఎర్ర నెలవంకను ఎంచుకుంది. దానికి 1929లో అంతర్జాతీయ గుర్తింపు దక్కింది. ఏ మతాన్నీ స్ఫురింపజేయని ఎర్ర స్ఫటికం గుర్తును 2005 డిసెంబరు 8 నాటి మూడో అదనపు ప్రోటోకాల్ తెచ్చింది. భారతదేశం 1950 నవంబరులో జెనీవా ఒప్పందాలను ధ్రువీకరించింది. ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ 1920 నాటి చట్టం కింద ఏర్పడి నేటికీ క్రాస్‌నే వాడుతోంది.

ఈ గుర్తుకు రెండు వాడుకలున్నాయి. యుద్ధకాలంలో సైనిక వైద్య దళాల వాహనాలు, ఆసుపత్రుల మీద పెద్దగా, దూరం నుంచి, ఆకాశం నుంచి కూడా కనబడేలా వేసేది రక్షణ కోసం. దాన్ని చూసిన శత్రువు తుపాకీ దించాలి. రెండోది, ఫలానా వాహనం లేదా మనిషి రెడ్‌క్రాస్ సొసైటీకి చెందినవారని తెలిపే వాడుక. ఇక్కడ గుర్తు చిన్నదిగా ఉండాలి. భుజపట్టీల మీదా, ఇళ్ల కప్పుల మీదా వేయకూడదని 44వ అధికరణం చెబుతుంది. ఈ రెండింటికీ బయట మూడో వాడుక ఏదీ లేదు. మన రోడ్ల మీద కనబడేదంతా, అంటే వైద్యంతో సంబంధం ఉంది కాబట్టి ఎర్ర ప్లస్ వేసుకోవడం, ఆ లేని మూడో కోవకు చెందుతుంది.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. అదే 44వ అధికరణం నాలుగో పేరా శాంతికాలంలో అంబులెన్సు వాహనాలను గుర్తించడానికీ, గాయపడినవారికీ రోగులకూ పూర్తిగా ఉచిత చికిత్స ఇచ్చే కేంద్రాలను సూచించడానికీ ఈ చిహ్నాన్ని వాడవచ్చని అంటుంది కదా, అలాంటప్పుడు అంబులెన్సు యజమానిని తప్పుపట్టడం ఎలా? వాదనలో పస ఉంది. కానీ ఆ పేరాను పూర్తిగా చదవాలి. అది అసాధారణ వెసులుబాటు మాత్రమే. దేశీయ చట్టానికి లోబడి ఉండాలి, జాతీయ రెడ్‌క్రాస్ సొసైటీ స్పష్టంగా అనుమతించాలి. అంబులెన్సు అయినంత మాత్రాన హక్కు రాదు. పైగా మన దేశీయ చట్టం ఇంకా కఠినం. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆమోదం లేనిదే ఈ చిహ్నాన్ని ఏ ప్రయోజనం కోసమూ వాడరాదు. ఎర్ర క్రాస్, ఎర్ర నెలవంక, స్విట్జర్లాండ్ చిహ్నమైన ఎర్రని నేల మీది తెల్ల క్రాస్ దీని కిందికి వస్తాయి. వాటిని చూసి పొరబడేంత పోలిక ఉన్న ఏ ఆకృతి అయినా వస్తుంది. కాబట్టి ప్లస్ చుట్టూ వలయం గీసినా, మధ్యలో వైద్యుడి పేరు రాసినా, ఎరుపును కాస్త ముదురు చేసినా చిక్కు తప్పదు.

ఇంతవరకూ చట్టం బలంగానే ఉంది. దాని బలహీనత తర్వాతి సెక్షన్లలో బయటపడుతుంది. 13వ సెక్షన్ విధించే జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. 1960లో అది పెద్ద మొత్తమే కావచ్చు. నేడు ఒక వాహనానికి స్టిక్కరింగ్ చేయించడానికయ్యే ఖర్చుకూ చాలదు. పోల్చి చూడండి: 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194ఇ సెక్షన్ ప్రకారం అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. దారి అడిగే వాహనం తనది కాని గుర్తు పెట్టుకుంటే మాత్రం అందులో ఇరవయ్యో వంతు. ఇది ఒక వైపు. మరో వైపు, అదే 13వ సెక్షన్ చిహ్నాన్ని ఏ వస్తువు మీద వాడారో ఆ వస్తువును జప్తు చేయడానికి వీలిస్తుంది. అక్షరాలా చదివితే అంబులెన్సునే స్వాధీనం చేసుకోవచ్చు. పలాస వైపు ఉద్దానం పల్లెల్లో కిడ్నీ వ్యాధిగ్రస్తులు డయాలసిస్ కోసం మళ్లీ మళ్లీ ప్రయాణం చేయాల్సిన జిల్లాలో, స్టిక్కరు తప్పని చెప్పి రోగుల బండిని జప్తు చేయడానికి ఏ అధికారికీ మనసొప్పదు, ఒప్పకూడదు కూడా. ఇలా ఒక శిక్ష ఎవరినీ భయపెట్టనంత చిన్నది, రెండోది ఎవరూ ప్రయోగించనంత పెద్దది. మధ్యలో వాడదగిన మెట్టు లేదు.

దీనికి తోడు 17వ సెక్షన్ ఉంది. ప్రభుత్వం గానీ, కేంద్రం నోటిఫికేషన్ ద్వారా పేర్కొన్న ప్రభుత్వాధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప న్యాయస్థానం ఈ నేరాన్ని విచారణకు స్వీకరించడానికి వీల్లేదు. శ్రీకాకుళంలో రక్తనిధి నడుపుతూ, తుఫాన్ల వేళ సాయానికి నిలిచే జిల్లా రెడ్‌క్రాస్ శాఖ, తన చిహ్నం దుర్వినియోగమవుతోందని తెలిసినా నేరుగా కేసు వేయడానికి వీల్లేదు. చిహ్నం విలువ తెలిసినవారికి అధికారం లేదు. అధికారం ఉన్నవారికి అది ఎప్పుడూ అత్యవసరంగా తోచదు. చట్టం నిద్రపోవడానికి జనం అమాయకత్వం కంటే ఈ ఏర్పాటే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

గుర్తుకు అధికారం ఎక్కడి నుంచి వస్తుందో శ్రీముఖలింగం నేలకు కొత్త విషయం కాదు. గిడుగు వెంకట రామమూర్తి ఇక్కడి శాసనాలను పరిశోధించి, ఈ ఊరే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని వాదించారు. ఆ గాంగ రాజుల తామ్రశాసనాల రేకులను కలిపే కడియం మీద నంది లాంఛనం ఉండేది. దానం పొందినవాడి హక్కుకు ఆ ముద్రే సాక్ష్యం. రాజు కార్యాలయం తప్ప మరెవరూ వేయరాదు కాబట్టే దానికి విలువ. ఊరందరి రేకుల మీదా నంది ముద్ర కనబడితే, అసలు దానం పొందినవాడి భూమికే రక్షణ పోతుంది. రెడ్‌క్రాస్ కూడా అంతే. ఎంత తక్కువ మంది వాడితే అంత బలంగా కాపాడుతుంది.

యుద్ధమే లేని చోట ఈ రక్షణ గొడవ ఎందుకన్నది తరచూ వినబడే ప్రశ్న. ఉత్తరాంధ్ర తీరానికి యుద్ధం తెలియనిది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గరలోనే మునిగింది. తూర్పు నౌకాదళ కేంద్రం నేటికీ అక్కడే ఉంది. అయితే నా సమాధానం ఈ చరిత్ర మీద మాత్రమే ఆధారపడదు. దుర్వినియోగాన్ని అన్ని కాలాల్లోనూ అడ్డుకోవాలని 54వ అధికరణం ఒప్పుకున్న దేశాలను కోరుతుంది. గుర్తు పట్ల గౌరవం యుద్ధం మొదలైన రోజున పుట్టదు కాబట్టే ఆ నిబంధన. చిన్ననాటి నుంచి ఎర్ర ప్లస్‌ను మందుల వ్యాను మీదా, బాడుగ బండి మీదా చూసిన కుర్రవాడు రేపు సైనికుడైతే, ఆ గుర్తున్న వాహనం మీద కాల్చకూడదన్న నియమం అతనికి పుస్తకంలో వాక్యంగానే మిగిలిపోతుంది.

శాంతికాలంలో కలిగే నష్టం ఇంకా దగ్గరిది. రెడ్‌క్రాస్ సూత్రాల్లో నిష్పక్షపాతం ఒకటి. ఎవరని అడగకుండా, అవసరాన్ని బట్టి సాయం చేయడం దాని అర్థం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలను ఊడ్చిపెట్టినటువంటి సమయాల్లో ఆపదలో ఉన్న కుటుంబం ఒక బండిని చూసి, ఇది ఉచిత సేవా, బాడుగ బండా అని తేల్చుకోవాల్సి వస్తుంది. ఆ గుర్తు అందరి మీదా ఉంటే తేల్చుకోవడానికి ఆధారం ఉండదు. అంబులెన్సు వ్యాపారంలో బేరం ఎంత క్రూరంగా మారగలదో రాష్ట్రం చూసింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతిలో ప్రైవేటు బండ్లవారు అడిగినంత ఇచ్చుకోలేక, బయటి బండిని వాళ్లు రానివ్వక, ఒక తండ్రి కొడుకు మృతదేహాన్ని బైకు మీద సుమారు 90 కిలోమీటర్లు తీసుకెళ్లినట్టు పత్రికలు రాశాయి. ఆ బండ్ల మీద ఏ గుర్తులున్నాయన్నది నా వాదనకు అవసరం లేదు. అలాంటి బేరానికి అవకాశమున్న రంగం మొత్తం మీద సేవకు మారుపేరైన చిహ్నాన్ని పరచడం ఆపదలో ఉన్నవారికి అన్యాయం.

గుర్తు తీసేస్తే జనం అంబులెన్సును పోల్చుకోలేరని, దారి ఇవ్వరని మరో భయం ఉంది. మన రాష్ట్ర అనుభవమే దీనికి జవాబు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ కొన్నేళ్లలోనే మారుమూల పల్లెకు చేరింది. దాన్ని జనం నంబరుతో, కుయ్‌కుయ్ మోతతో గుర్తుపట్టారు. ముందు వాహనం అద్దంలో సూటిగా కనబడేలా తిరగేసి రాసిన అంబులెన్స్ అనే అక్షరాలు, తిరిగే దీపాలు, సైరనూ దారి ఇప్పిస్తున్నాయి. సీతంపేట వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో డోలీ మోతలను తగ్గించడానికి తెచ్చిన ఫీడర్ అంబులెన్సు బైకులను కూడా గిరిజనులు వాటి పనిని బట్టే గుర్తించారు. ఇంతకీ, క్రాస్‌కు బదులు వాడుకోవడానికి సిద్ధంగా ఉన్న గుర్తు ఒకటుంది. అమెరికాలో అంబులెన్సుల మీద వాడిన నారింజ రంగు క్రాస్ తమ చిహ్నాన్ని పోలి ఉందని 1973లో అక్కడి రెడ్‌క్రాస్ అభ్యంతరం చెప్పింది. దాంతో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థలో పనిచేసే లియో ష్వార్ట్జ్ ఆరు రెక్కల నీలి నక్షత్రాన్ని రూపొందించారు. మధ్యలో పాము చుట్టుకున్న దండం ఉంటుంది. ప్రమాదాన్ని గమనించడం నుంచి ఆసుపత్రికి అప్పగించడం దాకా ఆరు దశలకు ఆ ఆరు రెక్కలు గుర్తు. ఈ జీవన తార నేడు అనేక దేశాల్లో అంబులెన్సుల చిహ్నం. అమెరికా రెడ్‌క్రాస్ రంగు మార్పుతో సరిపెట్టుకోలేదన్నది ఇక్కడ గమనించాలి. మన 12వ సెక్షన్‌లోని పోలిక నిబంధన వెనక ఉన్న తర్కమూ అదే.

ఇక అమలు మాట. జరిమానాను పెంచితే చాలని కొందరు సూచిస్తారు. పెంచడం న్యాయమే. కానీ 17వ సెక్షన్ అలాగే ఉండగా పెంచిన జరిమానా కూడా కాగితం మీదే ఉంటుంది. రవాణా వాహనం ఏదైనా ఎనిమిదేళ్ల లోపు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు రావాలి. అక్కడ బ్రేకులు, దీపాలు, రిఫ్లెక్టర్లు ఎలాగూ చూస్తారు. ఎర్ర క్రాస్ ఉంటే కేంద్ర అనుమతి పత్రం చూపమని అడగడం, లేకపోతే దాన్ని తీసి నక్షత్రం వేయించుకు రమ్మని పంపడం ఆ జాబితాలో మరో అంశం అవుతుంది. కేసు అక్కర్లేదు, జప్తు అక్కర్లేదు, రోగి బండి ఆగదు. రెండేళ్లు తిరిగేసరికి ప్రతి అంబులెన్సూ ఆ గేటు దాటి వెళ్తుంది. దీన్ని రాష్ట్రం ఒక్కటే చేస్తే చాలదన్నదీ నిజం. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి రోగులు శ్రీకాకుళం వస్తారు, ఇక్కడి బండ్లు బరంపురం వెళ్తాయి. ద్విచక్ర వాహనం నుంచి ప్రాణరక్షణ సామగ్రి నిండిన వాహనం దాకా అంబులెన్సులను నాలుగు రకాలుగా విభజించిన జాతీయ అంబులెన్సు ప్రమాణం ఇప్పటికే ఉంది కనుక, చిహ్నం విషయాన్ని కేంద్రం దాని ద్వారానే దేశమంతటా తనిఖీలో భాగం చేయవచ్చు. వైద్యుల సొంత కార్లు, మందుల దుకాణాల బోర్డులు ఈ గేటు దాటవు. వాటికి వృత్తి సంఘాలు, ఔషధ నియంత్రణ అధికారుల లైసెన్సు తనిఖీలు మార్గం కావాలి.

శ్రీముఖలింగంలో ఏటా మహాశివరాత్రి తర్వాత వంశధారలో జరిగే చక్రతీర్థ స్నానాలకు జనం పోటెత్తుతారు. అత్యవసర వాహనాలను అక్కడ ముందే నిలుపుతారు. జిల్లా యంత్రాంగం, రవాణా శాఖ, రెడ్‌క్రాస్ శాఖ కలిసి ఆ ఉత్సవానికి పిలిచే ప్రతి ప్రైవేటు అంబులెన్సుకూ సరైన గుర్తు ఉండాలని షరతు పెట్టడానికి ఏ చట్ట సవరణా అవసరం లేదు. ఆ షరతు రాబోయే శివరాత్రి నుంచే పెట్టాలని కోరుతున్నాను.