కండరబలము – సుబ్బారావుగారి శోధన

కాకతీయుల నాడు కూసుమంచి గణపేశ్వరాలయపు బండల నెత్తిన భుజములకు బలమెక్కడిది? ఈ మర్మమును శోధించినవారిలో 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారొకరు.

లాక్టిక్ ఆమ్లమే కండరచలనమునకు మూలమని ఆనాటి పండితుల నమ్మకము. 1927లో హార్వర్డులో ఫిస్కే, సుబ్బారావుగారలు కండరమున ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొని ఆ నమ్మకమును కదల్చిరి, 1929లో ఏ.టి.పి.ని వేరుచేసిరి.

కండరమందలి మయోసిన్ అను మాంసకృత్తునకు తలవంటి కొన యున్నది. అది ఆక్టిన్ పోగును పట్టి లాగును. ఏ.టి.పి. వచ్చి ఆ తలయందలి గూటిలో చేరినగాని పట్టు వీడదు. మరణానంతరము దేహము కొయ్యబారుట యందువలననే. మనము రేడియో మీట త్రిప్పునపుడు వ్రేళ్ళను కదల్చు కండరములలో జరుగునదియు నిదియే.

ఈ పోగులు జారు తీరు 1954లో వెల్లడియైనది. సుబ్బారావుగారు 1948లోనే గతించిరి. నోబెల్ బహుమానము వారికి దక్కలేదు. మన ప్రతి కదలికలోను వారి శోధనకు సాక్ష్యమున్నది.